కాటా ఎవరిది, పుస్తకం ఎవరిది



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద పెద్ద అక్షరాల్లో ఉంది. నేను మాత్రం మాస్టారు అనే అంటాను. ఆయన దగ్గర చదువుకున్న మేమెవరం ఇంకోలా పిలవలేదు. కొత్తగూడెంలో కామర్సు చెప్పేవారు. సంస్థ అంటే ఏమిటో పాఠ్యపుస్తకంలో రెండు పేజీల నిర్వచనం ఉండేది. అది పరీక్షకి సరిపోతుంది అనేవారు. అసలు సంగతి తెలియాలంటే ఆ సంస్థ చెక్కు మీద సంతకం ఎవరిదో, సరుకు తూచేటప్పుడు కాటా పట్టుకున్నది ఎవరో, లెక్క ఏ భాషలో రాస్తున్నారో కనుక్కుని రమ్మనేవారు. మాలో కొందరం నిజంగానే వెళ్లి కనుక్కుని వచ్చాం. మార్కులు మాత్రం నిర్వచనానికే పడ్డాయి.

యాజమాన్యం, చట్టం, ప్రభుత్వ విధానం కలిసి సంస్థలను ఎలా తీర్చిదిద్దుతాయో చెప్పమని నిర్వాహకులు అడిగారు. దీనికి ఎక్కడెక్కడి కంపెనీల పేర్లో తేనక్కర్లేదు. ఖమ్మంలో బస్సెక్కి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలం వెళితే చాలు. బొగ్గు కంపెనీ, థర్మల్ కేంద్రం, కాగితపు మిల్లు, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), దేవస్థానం వరసగా కనిపిస్తాయి. ఇంకొంచెం లోపలికి వెళితే గిరిజన సహకార సంస్థ డిపో, తునికాకు కల్లం, ఇసుక ర్యాంపు. దేశంలో ఎన్ని రకాల సంస్థలున్నాయో దాదాపు అన్నీ ఈ నూట పాతిక కిలోమీటర్లలోపే ఉన్నాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ అడవి సరిహద్దులో ఆదివాసుల కోసం చట్టం పుట్టించిన సంస్థలకు కొదవ లేదు. ఆదివాసులు నడిపే సంస్థలే లేవు. చట్టం తన పని చాలావరకు చేసింది. విధానం ఒక్కోసారి చట్టానికి ఎదురు నడిచింది. నిర్వహణ దగ్గరికి వచ్చేసరికి మనమంతా చేతులెత్తేశాం.

ముందు సరిహద్దు గీతల సంగతి. గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతం 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్లకు పోయింది. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఎగువ గోదావరి జిల్లాగా ఉండి, 1874లో మద్రాసు వారి గోదావరి జిల్లాలో కలిసింది. 1959లో తూర్పు గోదావరి నుంచి విడదీసి ఖమ్మానికిచ్చారు. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించారు. ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి, కచేరీలు మారాయి.

కచేరీ మారితే ఏమవుతుందిలే అనుకోవద్దు. సెంట్రల్ ప్రావిన్సెస్ పాలనలో రేకపల్లి కొండల్లో గొడ్డలికి ఇంత అని పన్ను కట్టి పోడు కొట్టుకునేవారు. మద్రాసు పాలన వచ్చాక ఆ పన్ను పెరిగింది, కొన్ని అడవుల్లో పోడే వద్దన్నారు. 1879లో రంప పితూరీ లేచినప్పుడు అది రేకపల్లి దాకా పాకడానికి ఇదొక కారణం. పాలన మార్చమని అక్కడి కొండరెడ్లు అడగలేదు, వాళ్ల జీవన విధానమూ మారలేదు. ఒక ఫైలు నాగపూరు నుంచి మద్రాసుకు వెళ్లింది, అంతే.

2014 గీత ఇంకా తమాషా అయినది. భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలో ఉంచి, చుట్టూ ఉన్న పల్లెలను అటు పంపారు. రాములవారి గుడి తెలంగాణ దేవాదాయ శాఖ కింద ఉంది. ఆయనకు పురుషోత్తపట్నంలో ఉన్న వందల ఎకరాలు ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ కింద ఉన్నాయి. ఆక్రమణ జరిగితే దేవస్థానం కార్యనిర్వహణాధికారి ఒక రాష్ట్రంలో కూర్చుని ఇంకో రాష్ట్రపు తహసీల్దారుకు అర్జీ పెట్టుకోవాలి. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను వెనక్కి ఇమ్మని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఆ దేవస్థానం కార్యాలయంలో ఎంత సమర్థుణ్ణి కూర్చోబెట్టినా సగం పని సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది.

పట్టణం సంగతి చూడండి. 2011 లెక్కలకే భద్రాచలం జనాభా దాదాపు యాభై వేలు. 1986 ఆగస్టులో గోదావరి ఇక్కడ 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. యాత్రికులు, వరద, చెత్త, మంచినీళ్లు, అన్నీ ఒక గ్రామపంచాయతీ నెత్తిన ఉన్నాయి. ఎందుకంటే రాజ్యాంగంలో పురపాలికల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు తనంత తాను వర్తించదు. 243 జెడ్‌సీ అధికరణ అలా చెబుతోంది. దాన్ని వర్తింపజేయాలంటే పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చెయ్యాలి. 2001లో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. పాల్వంచ, మణుగూరు మున్సిపాలిటీలైనా దశాబ్దాల తరబడి ఎన్నికల్లేక అధికారుల పాలనలోనే నడిచాయి. ఆదివాసిని కాపాడటానికి రాసిన మినహాయింపు అది. పార్లమెంటు బద్ధకం వల్ల అదే ఊరివాళ్లకు ఓటు లేకుండా చేసింది. తప్పు రాజ్యాంగానిది కాదు, మధ్యలో వదిలేసిన వాళ్లది.

ఇక భూమి. 1959లో వచ్చిన ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధనను 1963లో తెలంగాణ ప్రాంతానికి వర్తింపజేశారు. 1970లో సవరించాక అది పదునెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది, కాదని నిరూపించుకునే భారం గిరిజనేతరుడిదే. ఏజెన్సీలో '1/70' అంటే పిల్లలకు కూడా తెలుసు. సుప్రీంకోర్టు 1988లో దాన్ని సమర్థించింది. అందరూ మాట్లాడేది నిషేధం గురించే. అందులో ఒక తలుపు కూడా ఉందని మాత్రం ఎక్కువమంది గమనించరు. భూమిని గిరిజనుడికి బదలాయించవచ్చు, లేదా గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి బదలాయించవచ్చు. 1997 జూలై 11న వచ్చిన సమతా తీర్పు కూడా ఆ తలుపునే చూపించింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల లీజు ప్రైవేటు కంపెనీకి ఇవ్వడానికి వీల్లేదు, ఎందుకంటే చట్టంలో 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంది. తవ్వాలంటే ప్రభుత్వ సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘం తవ్వాలి. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు అభివృద్ధికి పక్కన పెట్టాలి.

ఇంత పెద్ద తలుపు తెరిచి పెట్టాక లోపలికి ఎవరు వెళ్లారు? గోదావరి ఒడ్డున ఇసుక ర్యాంపులు చూస్తే తెలుస్తుంది. ఏజెన్సీలో ఇసుక తవ్వకం గిరిజన సహకార సంఘాల పేరు మీదే జరగాలని నిబంధన. సంఘం ఉంటుంది, రిజిస్ట్రేషను ఉంటుంది, అధ్యక్షుడు ఉంటాడు, సభ్యులంతా కోయలే. కానీ పొక్లెయిన్ కొనే స్తోమత సంఘానికి లేదు, బ్యాంకు అప్పివ్వదు. అప్పుడు ఇసుక తీసి స్టాక్‌యార్డుకు చేర్చే కాంట్రాక్టరు వస్తాడు. యంత్రం ఆయనది, డీజిలు ఆయనది, లారీల లెక్క కూడా ఆయనదే. సంఘం అధ్యక్షుడిది సంతకం. చట్టం అక్షరం తప్పలేదు. సంఘం సభ్యురాలు ఆ ర్యాంపులో రోజు కూలీ. ఇది ఒక ఊరి కథ కాదు, ఏళ్లుగా పత్రికల్లో వస్తున్నదే, ఏజెన్సీలో ఏ సంతలో అడిగినా చెప్తారు. ఇక్కడ చట్టాన్ని తిట్టడం తేలిక. నేనైతే బ్యాంకును తిడతాను, సహకార శాఖను తిడతాను. సంఘాన్ని రిజిస్టరు చేసిన శాఖ ఆ సంఘానికి జమాఖర్చు నేర్పే బాధ్యత తనది కాదనుకుంది.

రెండో రకం సంస్థ, అంటే ప్రభుత్వ కంపెనీ, లోపలికి వెళ్లింది. సింగరేణి మనందరి ఇళ్లల్లో ఉన్న సంస్థ కాబట్టి ఎక్కువ చెప్పను. 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు తీసుకుంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటాలు కొంది. అప్పటికే సర్కారుది కావడం వల్లే 1973 బొగ్గు జాతీయీకరణలో అది కోల్ ఇండియాలో కలవలేదు, రాష్ట్రం 51 శాతం, కేంద్రం 49 శాతం వాటాలతో వేరుగా మిగిలింది. తొంభైల్లో ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది. అప్పట్లో అక్కడ సమ్మె లేని వారం ఉండేది కాదు. ఎన్నో సంఘాలు, ఎవరితో మాట్లాడితే ఒప్పందం అవుతుందో యాజమాన్యానికే తెలియదు. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టాక మాట్లాడటానికి ఒక మనిషి దొరికాడు. ఆ తర్వాత ఏడాది నుంచే లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం మొదలైంది. పది శాతంతో మొదలై ఇటీవలి ఏళ్లలో మూడో వంతు దాకా వెళ్లింది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేస్తే కారుణ్య నియామకాల దారి వెతికారు. తీర్పు వచ్చిన ప్రతిసారీ కంపెనీ తన రూపం కాస్త మార్చుకుంది, కార్మికులు ఆ మార్పులో తమ చోటు తాము అడిగి తీసుకున్నారు.

కార్మికుడికి అది ఎలా సాధ్యమైంది? సంఘం ఉంది, ఓటు ఉంది, బ్యాలెన్స్ షీటు చదవగల నాయకుడున్నాడు, కోర్టుకు వెళ్లడానికి వకీలున్నాడు. లాభం ఎంతో కంపెనీ ప్రకటించకముందే గేటు మీటింగులో చెప్పేవాళ్లుంటారు. అదే గని కింద భూమి పోయిన కోయ గూడానికి వీటిలో ఒక్కటీ లేదు. 2015 తర్వాత జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టులు వచ్చాయి, గనుల ప్రభావిత ప్రాంతాల కోసం డబ్బు జమవుతోంది. ఆ ట్రస్టుకు అధ్యక్షుడు కలెక్టరు. డబ్బు ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అని గేటు మీటింగు పెట్టేవాళ్లు గూడెంలో లేరు.

కాగితపు మిల్లు గురించి కొంచెం ఆగి చెప్తాను. ఎందుకంటే ఒక విధాన పత్రం ఒక కంపెనీ స్వభావాన్ని ఎలా మార్చగలదో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. భద్రాచలం పేపర్ బోర్డ్స్ 1975లో కంపెనీగా ఏర్పడి, 1979లో సారపాకలో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2002లో మాతృసంస్థ ఐటీసీలో కలిసిపోయింది. మొదట్లో మిల్లు లెక్కంతా అడవి వెదురు మీదే. అప్పట్లో దేశమంతా అదే పద్ధతి. సర్కారు అడవిలో వెదురు కూపులు కేటాయిస్తుంది, రాయితీ ధరకు ఇస్తుంది, మిల్లు నరికించుకుంటుంది. మేదరి బుట్ట అల్లుకోవడానికి ఒక బొంగు కొనుక్కోవాలంటే బజారు ధర, మిల్లుకు టన్నులు కావాలంటే రాయితీ ధర.

1988 జాతీయ అటవీ విధానం ఈ పద్ధతికి చరమగీతం పాడింది. అడవి ఉన్నది ముందు పర్యావరణం కోసం, ఆ చుట్టూ బతికేవాళ్ల కోసం. పరిశ్రమ తనకు కావలసిన ముడిసరుకును నేరుగా రైతులతో సంబంధం పెట్టుకుని పెంచుకోవాలి, రాయితీ ధరకు అటవీ ఉత్పత్తులివ్వడం ఆపాలి అని చెప్పింది. అది చట్టం కాదు, కోర్టులో అమలు చేయించుకునే హక్కు కాదు. అయినా మిల్లులకు వణుకు పుట్టింది. కొన్ని గగ్గోలు పెట్టి రాయితీల కోసం ఢిల్లీ చుట్టూ తిరిగాయి. సారపాక మిల్లు ఎనభైల చివర్లో క్లోనింగ్ మొక్కల పరిశోధన మొదలుపెట్టింది. మంచి జామాయిల్ చెట్టును ఎంచి, దాని కొమ్మల నుంచి వందలు వేలు మొక్కలు తీసి, రైతుకు అమ్మింది. మన సత్తుపల్లి, అశ్వారావుపేట రైతులు ఇప్పటికీ వాటిని నంబర్లతోనే పిలుస్తారు. తర్వాత సుబాబుల్ కూడా వచ్చింది. అడవిలో కూపు కాంట్రాక్టరుతో వ్యవహరించిన కంపెనీ రైతుతో బేరమాడే కంపెనీ అయింది. నర్సరీ వాళ్లు, వ్యవసాయ పట్టభద్రులు, ఊరూరా తిరిగే క్షేత్ర సిబ్బంది దాని జీతాల పట్టీలోకి వచ్చారు.

దీన్ని కంపెనీ గొప్పతనంగా రాసేవాళ్లున్నారు. యాజమాన్యం చురుకైనదే, కాదనను. అయితే ఆ చురుకుదనాన్ని నిద్ర లేపింది విధానం. రాయితీ వెదురు ఇంకో ముప్పై ఏళ్లు దొరికి ఉంటే ఆ ప్రయోగశాల అంత త్వరగా పుట్టేదని నేను నమ్మను. ఇంకో మాట. జామాయిల్ లాభం ఎక్కువగా ఎవరికి దక్కింది? నాలుగేళ్లు ఆగగలిగిన రైతుకు. రెండెకరాల పోడు పట్టా ఉన్న కోయ రైతు నాలుగేళ్లు ఆగలేడు. ఐటీడీఏ, స్వచ్ఛంద సంస్థలు అప్పులిప్పించి కొన్ని ఊళ్లలో పెట్టించాయి. అది మంచి పనే. కానీ అడవిలోని వెదురు మీద హక్కు ఆ రైతుకు 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చేసింది. అందులో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో వెదురు పేరు పెట్టి మరీ ఉంది. 1927 అటవీ చట్టం వెదురును చెట్టు అంటుంటే, 2006 చట్టం దాన్ని ఏరుకునే ఫలసాయంలో చేర్చింది. 2017 చివర్లో పార్లమెంటు పాత చట్టంలోంచి వెదురును తీసేసినా, అది అడవి బయట పెంచిన వెదురుకే పనికొచ్చింది. అడవిలోని వెదురు సంగతి ఊరికీ శాఖకీ మధ్య అలాగే వేలాడింది.

మనకు పక్కనే ఉన్న గడ్చిరోలిలో మెండా లేఖా అనే గోండు ఊరు ఆ ముడి విప్పింది. 2009లో సాముదాయక హక్కు పత్రం తెచ్చుకుంది. 2011 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికి వచ్చి వెదురు రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికిచ్చారు. గ్రామసభ బ్యాంకు ఖాతా తెరిచింది, టెండరు పిలిచింది, తన వెదురు తానే అమ్ముకుంది. మంత్రి వచ్చిన ఫొటో అందరూ చూశారు. అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా ఆ ఊళ్లో దేవాజీ తోఫా, మోహన్ హీరాబాయి హీరాలాల్ వంటివాళ్లు నడిపిన చదువు బృందాలు ఎవరికీ కనిపించలేదు. చట్టం ఏమంటోందో, లెక్క ఎలా రాయాలో ఊరు కూర్చుని చర్చించుకునేది. తర్వాత ఆ జిల్లాలో చాలా గ్రామసభలు తునికాకు కూడా సొంతంగా అమ్ముకున్నాయి. కొన్ని బాగుపడ్డాయి. కొన్నిచోట్ల వ్యాపారులు బకాయిలు ఎగ్గొట్టారు. చదువు బృందాలు లేకుండా హక్కు పత్రం ఒక్కటే ఉంటే ఏమవుతుందో కూడా గడ్చిరోలే చూపించింది.

అశ్వారావుపేట పామాయిల్ రైతుల ఊసు ఇక్కడ ఒకటి తేవాలి. 1993 చట్టం ప్రకారం ఏ మండలం ఏ ఫ్యాక్టరీకో కేటాయిస్తారు. రైతు అక్కడే అమ్మాలి, ఫ్యాక్టరీ గెలలన్నీ కొనాలి. ధర సూత్రం సర్కారుది. గెలలో నూనె శాతం ఎంత అన్న ఒక్క అంకె మీద ఆ రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. ఆ అంకె దశాంశం తర్వాత కదిలితే టన్నుకు ఎంత కలిసొస్తుందో వాళ్లకు నోటికి వచ్చు. గుత్తాధిపత్యాన్ని వాళ్లు ఎదుర్కొన్నది చట్టాన్ని రద్దు చేయించి కాదు, లెక్క నేర్చుకుని.

అదే గుత్తాధిపత్యం గిరిజనుల దగ్గర ఇంకోలా పనిచేసింది. గిరిజన సహకార సంస్థ 1956లో విశాఖపట్నం కేంద్రంగా పుట్టింది. సంతలో షావుకారు మోసాన్ని ఆపాలన్నది ఉద్దేశం, ఆ మోసం కల్పితం కాదు. 1940లలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోదావరి కనుమల్లో కొండరెడ్ల మధ్య తిరిగి, కలప వ్యాపారుల అప్పుల్లో వాళ్లు ఎలా చిక్కుకున్నారో రాసిపెట్టాడు. ఉప్పు, గుడ్డ ఇచ్చి వెదురు, చింతపండు తీసుకునే వ్యాపారంలో కాటా ఎప్పుడూ ఒకవైపే మొగ్గేది. అందుకే 1979లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ నిబంధన తెచ్చి, కొనే హక్కంతా గిరిజన సహకార సంస్థకే కట్టబెట్టారు. తపసి జిగురు, ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయ, ముష్టిగింజలు, నల్లజీడి, చిల్లగింజలు, తేనె అన్నీ డిపోకే. డిపోలో బియ్యం, నూనె, సబ్బు దొరుకుతాయి.

ఈ సంస్థ చేసిన మేలు తక్కువది కాదు. వానాకాలంలో బస్సు వెళ్లని ఊళ్లకు రేషను చేరింది దాని వల్లే. షావుకారు లేని చోట కనీసం ఒక ధర బోర్డు మీద రాసి ఉండేది. కానీ దాని కట్టడి చూడండి. కింద ప్రాథమిక సహకార మార్కెటింగ్ సంఘాలు, సభ్యులంతా గిరిజనులు. పైన మేనేజింగ్ డైరెక్టరు ప్రభుత్వం పంపే అధికారి, బదిలీ మీద వచ్చి బదిలీ మీద పోతాడు. ధర నిర్ణయం హెడ్డాఫీసులో. సభ్యురాలు డిపో గడప దగ్గర అమ్మకందారు అవుతుంది, యజమాని ఎప్పుడూ కాదు. డివిడెండు అన్న మాట గూడెంలో ఎవరైనా విన్నారా? సహకార సంఘం అన్న పేరు మిగిలింది, సహకారం రేషను కార్డు స్థాయికి దిగింది.

తపసి జిగురు విషయంలో మాత్రం ఒక మంచి పని జరిగింది, దాన్ని చెప్పకపోతే అన్యాయం. పూర్వం చెట్టుకు గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టేవారు. జిగురు మట్టిలో, బెరడులో కలిసి నల్లబడేది, రెండు మూడేళ్లకు చెట్టే చచ్చేది. కోవెల్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వారు గిరిజన సహకార సంస్థతో కలిసి చిన్న గాటు పెట్టడం, శుభ్రమైన పరదా మీద పట్టడం, గడ్డలను రంగు బట్టి వేరు చెయ్యడం సేకరించేవాళ్లకే నేర్పారు. మందులకూ ఆహార పరిశ్రమకూ విదేశాలకు వెళ్లే సరుకు అది, శుభ్రతను బట్టే ధర. మొదటి రకం జిగురు ఎలా ఉంటుందో సేకరించే మనిషికే తెలిశాక డిపోలో గ్రేడు తగ్గించడం కష్టమైంది. కొత్త చట్టమేమీ రాలేదు, సబ్సిడీ పెరగలేదు. తూకం దగ్గర ఎదురు మాట్లాడగల మనిషి తయారయ్యాడు, ధర పెరిగింది.

రాష్ట్ర విభజనలో ఈ సంస్థ కూడా రెండైంది. పంచాయతీల వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక అటవీ ఉత్పత్తుల యాజమాన్యం గ్రామసభది, సేకరించేవాళ్లది అయింది. 1979 నిబంధన నీడ మాత్రం కొనుగోళ్ల మీద ఇంకా ఉంది. సేకరించే మనిషి యజమాని, కానీ అమ్ముకునే చోటు ఒక్కటే. ఈ రెండింటినీ సర్దడానికి ఏ సచివాలయానికీ తొందర లేదు.

తునికాకు ఇంకా సూటిగా ఉంటుంది. 1971 చట్టంతో అది ప్రభుత్వ వ్యాపారమైంది. అడవిని యూనిట్లుగా విడగొట్టి వేలం వేస్తారు. ఏప్రిల్, మే ఎండల్లో తెల్లవారుజామున లేచి ఆకు కోసి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి, కల్లంలో అప్పగిస్తారు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డు బస్తా. కట్ట రేటు ఎనభైల్లో పెరగడంలో నక్సలైట్ల ఒత్తిడి పాత్ర ఎంతో అందరికీ తెలుసు. ప్రభుత్వమే గుత్తదారు అయిన చోట రేటు పెంచమని అడగడానికి తుపాకి కావలసి వచ్చిందంటే ఆ వ్యాపారం ఎంత చెవిటిదో ఆలోచించండి. ఇప్పుడు నికర ఆదాయాన్ని కోసినవాళ్లకు బోనస్‌గా ఇస్తున్నారు. అది ఏళ్ల తరబడి ఆగి ఒక్కసారిగా రావడమూ చూశాం. దాన్ని బోనస్ అనడమే నాకు నచ్చదు. చట్ట ప్రకారం ఆకు వాళ్లదైతే ఆ డబ్బు వాళ్ల అమ్మకపు సొమ్ము.

వన సంరక్షణ సమితుల గురించి రెండు మాటలు. 1992 నుంచి ప్రభుత్వం, తర్వాత ప్రపంచ బ్యాంకు నిధులు, ఊరూరా సమితులు పుట్టించాయి. అధ్యక్షుడు ఊరివాడు, ఖాతాలో రెండో సంతకం అటవీ శాఖది. ప్రాజెక్టు ముగిసింది, చాలా సమితులు పడకేశాయి. ఆశ్చర్యమేమిటంటే అటవీ హక్కుల చట్టం వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో సాముదాయక హక్కు పత్రాలు కొన్నిచోట్ల గ్రామసభలకు బదులు ఈ సమితులకే ఇచ్చారు. హక్కు ఊరికి రావాలని పార్లమెంటు అంటే, శాఖ తన చేతికిందున్న కమిటీకి ఇచ్చుకుంది. చట్టాన్ని ఓడించాలంటే దాన్ని ధిక్కరించనక్కర్లేదు, దరఖాస్తులో సంస్థ పేరు మారిస్తే చాలు.

విధానాల మధ్య ఉన్న ఇలాంటి తగాదాలు చివరికి ఎవరి మీద పడతాయి? సచివాలయం మీద పడవు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు భూముల్లో అటవీ శాఖ మొక్కల మీద గుత్తికోయలతో వచ్చిన గొడవలో ఒక అటవీ రేంజి అధికారి ప్రాణం పోయింది. చంపినవాళ్లను సమర్థించేది లేదు. కానీ ఒక శాఖ పట్టా ఇస్తానంటూ, ఇంకో శాఖ మొక్క నాటుతానంటూ ఉంటే మధ్యలో నిలబడేది ఆ చివరి ఉద్యోగీ, ఆ గుత్తికోయ కుటుంబమూ.

పాఠశాలల సంగతీ అంతే. ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో మూడో నంబరు జీవో ఇచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. న్యాయశాస్త్రంగా దాన్ని వాదించుకోవచ్చు. కోయ మాట్లాడే పిల్లవాడికి కోయ తెలిసిన పంతులు కావాలన్న అవసరం మాత్రం తీర్పుతో రద్దు కాలేదు. భాష తెలియడాన్ని అర్హతగా పెట్టి నియామక నియమాలు కొత్తగా రాయవచ్చు. కోర్టు తలుపు మూసిందని ఊరుకోవడం నిర్వహణ కాదు.

గ్రామసభ దగ్గరికి వస్తున్నాను. 2011 పెసా నియమాల ప్రకారం గ్రామసభకు గిరిజనుల నుంచే ఉపాధ్యక్షుణ్ణి, కార్యదర్శిని ఎన్నుకోవాలి. భూసేకరణకు దాన్ని సంప్రదించాలి, చిన్నతరహా ఖనిజాలకు దాని సిఫార్సు కావాలి, అటవీ ఉత్పత్తి మీద దానికే హక్కు. కాగితం మీద దేశంలో ఇంత బలమైన సంస్థ ఇంకొకటి లేదు. దానికి గది లేదు, బీరువా లేదు, జీతగాడు లేడు. తీర్మానం పుస్తకం చాలాచోట్ల పంచాయతీ కార్యదర్శి సంచిలో ఉంటుంది. ఏ అధికారికి సంతకం కావాలన్నా ఆ సంచే తెరుచుకుంటుంది. నూట యాభై ఏళ్లలో సరిహద్దు ఇన్నిసార్లు మారింది, చట్టాలు ఇన్ని వచ్చాయి. కాటా షావుకారు చేతి నుంచి డిపో సేల్స్‌మన్ చేతికి, పుస్తకం కరణం చేతి నుంచి కార్యదర్శి చేతికి పోయాయి. గూడెం చేతికి రాలేదు.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఏజెన్సీలో ప్రతి గ్రామసభకూ ఆ ఊరి కోయ, కొండరెడ్డి, లంబాడీ యువతీ యువకుల్లోంచే జీతం ఉన్న ఒక లెక్కల మనిషిని నియమించాలి. జీతం ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు నిధుల్లోంచి ఇవ్వాలి. ఆ డబ్బు పుట్టిందే ఆ నేల కింద. ఇసుక సంఘాల ఆడిట్ రిపోర్టు ఆ ఊళ్లోనే, ఆ ఊరి భాషలో చదివి వినిపించాలి. వినిపించని సంఘానికి మరుసటి ఏడాది ర్యాంపు ఇవ్వకూడదు. జిల్లా అధికారులెవరైనా ఈ సభలో ఉంటే, దీనికి ఢిల్లీ అనుమతి అవసరం లేదని గుర్తు చేస్తున్నాను.

చివరగా ఈ ఉపన్యాసం నడిపే ధర్మనిధి ధర్మకర్తలకు ఒక విన్నపం. దీని వడ్డీ ప్రతి ఏటా నా వంటి వాడి ఉపన్యాసానికీ, శాలువాకీ, దాన్ని పుస్తకంగా అచ్చు వేయడానికీ ఖర్చవుతోంది. వచ్చే ఏడాది ఉపన్యాసం మానేయండి. ఆ డబ్బుతో భద్రాచలం, కొత్తగూడెం డిగ్రీ కాలేజీల కామర్సు విద్యార్థుల్లో ఏజెన్సీ పిల్లలను ఎంచి, వేసవి సెలవుల్లో తునికాకు కల్లాలకూ గిరిజన సహకార సంస్థ డిపోలకూ ఇసుక సంఘాలకూ పంపండి. జమాఖర్చు రాయించి, ఊరి ముందు చదివించండి. ఆ లెక్కలనే పుస్తకంగా అచ్చు వేయండి. నాకు శాలువా వద్దు, దాని ఖరీదు మొదటి విరాళంగా ఇక్కడే రాసుకోండి.